వినని చక్రానికి సుద్దగీత

ఎమ్.టెక్ రెండేళ్ల చదువు. యూనివర్సిటీ నియమాల పుస్తకంలో అలాగే రాసి ఉంది. ఆపైన ఇంకో రెండేళ్లు కనికరిస్తామని కూడా రాసి ఉంది. ఆ నాలుగేళ్లూ దాటితే మాత్రం అప్పటిదాకా పాసైన పరీక్షలతో సహా పేరు కొట్టేస్తారు. నిరోషకు నాలుగో ఏడు ముగియవస్తోంది. పరీక్షలన్నీ గట్టెక్కింది. ప్రాజెక్టు ఒక్కటే మిగిలింది, అందులోనూ ఒకే ఒక్క పట్టిక మిగిలింది. దసరా సెలవులయ్యాక ఆఫీసు తెరిచిన రెండో రోజు సాయంత్రం ఐదు లోపల, గైడు సంతకంతో, అట్ట వేయించిన థీసిస్ తీసుకెళ్లి ఇవ్వాలి. ఇంత చిన్న పనికి ఇంత రాద్ధాంతమా అనేవాళ్లు ఎమ్.టెక్ చదివి ఉండరు. చదివినా క్లాసుకు వెళ్లి ఉండరు.

ఆ మాట ఊరికే అనడం లేదు. నిరోష బ్యాచిలో పద్దెనిమిది మంది. సగానికి పైగా ఉద్యోగాల్లో ఉన్నవాళ్లే, పరీక్షలకు తప్ప ముఖం చూపించేవారు కాదు. మిగిలినవాళ్లలో కొందరు గ్రూప్స్‌కు చదువుకుంటూ హాస్టల్ గది కోసం చేరినవాళ్లు. అడ్వాన్స్‌డ్ ఆల్గారిథమ్స్ క్లాసులో ఒక్కోరోజు నిరోషా, పాఠం చెప్పే మేడమూ ఇద్దరే ఉండేవారు. ఒక్కత్తికే చెప్పడం మేడంకు నామోషీగా ఉండేది, ఒక్కత్తే వినడం నిరోషకు భయంగా ఉండేది. అయినా ఒక్క క్లాసు మానలేదు. పిచ్చిది, క్లాసుకు వెళ్తేనే చదువు వస్తుందనుకుంది.

ఆమె పుట్టింది లాలాగూడ రైల్వే క్వార్టర్లలో. తండ్రి సామేలు అక్కడి వర్క్‌షాపులో ఫిట్టరు. తల్లి సాలమ్మ యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో చపాతీలు చేస్తుంది. సామేలు రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి మాణికేశ్వర్ నగర్‌లో రెండు గదుల ఇంటికి మారారు. ఆ బస్తీకీ క్యాంపస్‌కీ మధ్య ఒక గోడ. సాలమ్మ ఇరవై రెండేళ్లుగా ఆ గోడకు అటువైపు పనికి పోతోంది. కూతురికి ఎమ్.టెక్ సీటు వచ్చిన రోజు మెస్సులో అందరికీ మైసూర్‌పాకు పంచి, "నా బిడ్డ పెద్ద కంప్యూటర్ సదువు సదువుతది, గీడనే, గా బిల్డింగుల" అని కిటికీలోంచి చెయ్యి చాపి చూపించింది. చూపించింది కెమిస్ట్రీ బిల్డింగును. ఎవరూ దిద్దలేదు.

సామేలు పనితనం చెప్పకపోతే ఈ కథ ముందుకు నడవదు. రైలుపెట్టె కింద దూరి, చిన్న సుత్తితో చక్రాన్ని ఒక్క దెబ్బ కొట్టి, చెవి వంచి వినేవాడు. మంచి చక్రమైతే ఖంగుమని మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. లోపల పగులుంటే మోత నడుమ తెగిపోతుంది. కంటికి ఆనని వెంట్రుకవాసి పగులును ఆయన చెవి పట్టేది. మంచిదానికి సుద్దతో టిక్కు, చెడ్డదానికి అడ్డగీత. పగుళ్లు కనిపెట్టే మిషన్లు వచ్చాక కూడా, "ఒక్కపారి సామేలన్నను ఇనమను" అనేవారట. కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఆయన మొదట చెప్పే మాట ఒకటే. "ఇనని చక్రానికి సుద్దగీత గియ్యద్దు. దాని మీద మంది కూసుంటరు." సాలమ్మకు నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చిన రోజున కూడా, చేతిలో ఉన్న పెట్టె ఎనిమిది చక్రాలూ విన్నాకే సుత్తి కింద పెట్టాడు. ఆయన వెళ్లేసరికి నిరోష పుట్టి ఏడుస్తోంది. ఆ దెప్పు సాలమ్మ ఇప్పటికీ వదల్లేదు.

గైడు శ్యామలాంబ మేడంది అనంతపురం వైపు. మనిషి కోపిష్టి, మనసు అంత కోపిష్టిది కాదు. ప్రాజెక్టు ఏం చేస్తారని అడిగినప్పుడు అందరూ ముఖాలు గుర్తుపట్టేదీ, ఇళ్ల ధరలు చెప్పేదీ అని ఇంటర్నెట్‌లో దొరికేవే చెప్పారు. నిరోష మాత్రం, "మా నాయిన చెవిని మిషన్‌కు నేర్పుతా మేడం" అంది.

మేడం కళ్లద్దాలు నెత్తి మీదికి జరిపింది. "చెవిని నేర్పేదేమిటికి?" అని, సంగతంతా విన్నాక, "బాగానే ఉంది. రాసుకొని రాపో, చూద్దాం" అంది. ఆమె నోట బాగుంది అనే మాట వినడం డిపార్టుమెంటులో వింతే.

మేడం ఇచ్చిన ఉత్తరం పట్టుకొని తిరిగితే వర్క్‌షాపులోకి అనుమతి దొరికింది. పన్నెండు ఆదివారాలు, చర్చి అయ్యాక, తండ్రీ కూతురూ పక్కన పడేసిన పాత చక్రాల దగ్గరికి పోయేవారు. సామేలు కొట్టేవాడు. నిరోష ఫోనులో రికార్డు చేసేది. ఆయన "మంచిది" అంటే నోటుపుస్తకంలో టిక్కు, "పగులు" అంటే అడ్డగీత. అలా మూడు వందల చక్రాలు. సాలమ్మ కట్టిచ్చిన చపాతీలు అక్కడే ఇనుప చువ్వల మీద కూర్చుని తినేవారు. నిరోష బతుకులో అంతకన్నా మంచి రోజులు లేవు, అది ఆమెకు అప్పుడే తెలుసు కూడా.

ఒకనాడు అన్నాల వేళ సామేలు అడిగాడు. "నా చెవి గా మిషన్‌కు వస్తదా బిడ్డా?"

"నేర్పితే వస్తది నాయినా."

"అయితే జల్ది నేర్పు. నా చెవి శానా దినాలు ఉండేటట్టు లేదు. చర్చిల పాట సగమే ఇనవడుతున్నది."

నలభై ఏళ్ల సుత్తి దెబ్బలు ఊరికే పోతాయా? మరుసటి ఏడాదికి ఆయనకు తలుపు కొట్టిన చప్పుడు వినిపించడం మానేసింది. చెవి మిషను కొనిస్తే అందులో గుయ్యిమంటోందని తీసి డబ్బాలో పెట్టాడు. ఇప్పుడు ఆయనతో మాట్లాడాలంటే చెవి దగ్గర నోరు పెట్టి అరవాలి. ఇంట్లో ఏం మాట్లాడుకున్నా గల్లీ అంతటికీ తెలుస్తుంది. పక్కింటి ఉప్పలమ్మకు వీళ్లింటి కూర ఏమిటో వీళ్లకన్నా ముందే తెలుసు.

తర్వాత రెండేళ్లు ఉద్యోగం మింగింది. ఘట్‌కేసర్ అవతల ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు పని. ఎమ్.టెక్ పట్టా తెస్తే లెక్చరర్‌ను చేస్తామన్నారు. ఆ మాట మీద పొద్దున ఆరున్నర బస్సు ఎక్కితే సాయంత్రం ఏడింటికి దిగేది. పట్టా కోసం ఉద్యోగం, ఉద్యోగం వల్ల పట్టా ఆగడం. ఈ ముడి విప్పిన మొనగాడు ఎవరైనా ఉంటే చెప్పండి. నాలుగో ఏడు రాగానే నిరోష సెలవు పెట్టి వచ్చేసింది. దసరా దాకా జాగా ఉంచుతాం, ఆ తర్వాత మా ఇష్టం అని కాలేజీవాళ్లు చెప్పారు. ఇరవై తొమ్మిదేళ్ల మనిషికి ఆ జాగా తప్ప ముందు ఇంకేమీ కనబడలేదు.

ఇక ఆ పట్టిక సంగతి. మిషను సామేలు చెవిని నిజంగా నేర్చుకుందా లేదా అని తేల్చాలంటే ఒక పద్ధతి ఉంది. మూడు వందల చక్రాల్లో ఒకదాన్ని పక్కన పెట్టాలి. మిగిలిన వాటి మోతలు వినిపించి నేర్పాలి. ఆ తర్వాత పక్కన పెట్టినదాన్ని వినిపించి, ఇది మంచిదా పగులా అని అడగాలి. అలా ఒక్కొక్క చక్రానికీ మళ్లీ మొదటినుంచి. సారికి నలభై నిమిషాలు. రోజుకు ముప్పై ఆరు చక్రాలు, మొత్తం ఎనిమిది రోజుల పైచిలుకు. అది కూడా డిపార్టుమెంటు ల్యాబులో ఉన్న ఒకే ఒక్క గట్టి కంప్యూటరు మీద. నిరోష లాప్‌టాప్ మీదయితే వచ్చే దసరాకు తేలుతుంది.

చిక్కేమిటంటే ఆ ల్యాబులో సాయంత్రం ఐదు కాగానే కరెంటు మెయిన్ ఆపేస్తారు. ఎప్పుడో ఒకసారి వైర్లు కాలి పొగ వచ్చింది, అప్పటినుంచీ ఆ అలవాటు. ఆపేది అటెండరు పరుశురాం. ఇరవై ఆరేళ్లుగా ఆ ల్యాబు తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటోంది. నిరోష ఎక్కని గడప లేదు, పెట్టని అర్జీ లేదు. చివరికి దసరా సెలవుల్లో మాత్రం ఆ ఒక్క గదికి కరెంటు ఉంచడానికి, అదీ గది తాళం తీయకూడదనే షరతు మీద, డిపార్టుమెంటు పెద్దసారు సంతకం పెట్టాడు. తొమ్మిది రోజుల సెలవులు, ఎనిమిది రోజుల పని. వేలు పెట్టి కొలిచినట్టు సరిపోయింది.

సెలవులకు ముందటి రోజు డిపార్టుమెంటులో ఆయుధ పూజ చేస్తారు. మన ఆయుధాలు కంప్యూటర్లు కాబట్టి వాటినే తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూలు వేసి, గుమ్మం ముందు గుమ్మడికాయ కొడతారు. పూజైన మిషన్లను సెలవులు అయ్యేదాకా ముట్టరు. మొదటి ఏడాది నిరోష కూడా అందరితో పాటు నిలబడింది. పరుశురాం పళ్లెం పట్టుకొని ఒక్కొక్కరికీ బొట్టు పెడుతూ వచ్చి ఆమె ముందు ఆగాడు. వేలు గాలిలోనే ఆగింది. అందరూ అటు చూశారు. నిరోష నవ్వింది, ఆయనా నవ్వి పక్కకు జరిగాడు. అంతే. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. కానీ ఆనాటినుంచి పూజ వేళకు నిరోష ఏదో పనుందని బయటికి వెళ్లిపోతుంది. తన వల్ల ఆయన వేలు మళ్లీ గాలిలో ఆగకూడదని ఆమె ఉద్దేశం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఇద్దరి మధ్యా ఆ మర్యాద నాలుగేళ్లుగా నడుస్తోంది.

ఈసారి పూజ రోజు పొద్దున తొమ్మిదింటికే ప్రోగ్రాం మొదలుపెట్టింది. మొదటి చక్రం జవాబు సరిగ్గా వచ్చేదాకా చూసింది. మానిటర్ ఆపి, కంప్యూటర్ పెట్టె మీద ఒక కాగితం అంటించింది. "దయచేసి ఆపవద్దు. నిరోష, ఎమ్.టెక్." ఆ తర్వాత పరుశురాం దగ్గరికి వెళ్లింది.

"కాకా, ఇయ్యాల అయిదింటికి మెయిన్ బంద్ చేయకు. పెద్దసారు పర్మిషన్ ఇచ్చిండు."

"తెల్సు బిడ్డా. కాయితం నాకే ఇచ్చిండు. మెయిన్ మీద చెయ్యి కూడ పెట్ట."

"తొమ్మిది దినాలు నడవాలె కాకా. ఇదొక్కటైతే నా సదువు అయినట్టే."

"నేనుండంగ ఎవడు ముడతడు? నువ్వు పో. జిరాక్స్ పనున్నదేమో సూస్కో."

జిరాక్స్ పనేమీ లేదని ఇద్దరికీ తెలుసు. నిరోష తార్నాక దాకా నడిచి, మెట్రో స్టేషను కింద టీ తాగి, హబ్సిగూడ వైపు కాసేపు తిరిగి మూడింటికి వచ్చింది. గుమ్మం ముందు పగిలిన గుమ్మడికాయ ఉంది. గదికి తాళం పడింది. ల్యాబు కింది అంతస్తే కాబట్టి వెనక కిటికీలోంచి చూసింది. అటునుంచి పెట్టె వీపు మాత్రం కనబడుతుంది. పచ్చదీపం వెలుగుతోంది. లోపల ఫ్యాను తిరిగే చప్పుడు అద్దానికి చెవి ఆనిస్తే వినిపిస్తోంది. నిరోష గుండెల మీద చెయ్యి వేసుకుంది.

తొమ్మిది రోజులూ పొద్దున పదింటికి ఆ కిటికీ దగ్గరికి వచ్చింది. పచ్చదీపం చూసుకుని, చెవి ఆనించి విని, నోటుపుస్తకంలో లెక్క రాసుకునేది. మూడో రోజుకు నూట ఎనిమిది. అయిదో రోజుకు నూట ఎనభై. ఇంటినుంచి దాన్ని చూసే దారి లేదు, సెలవులని నెట్‌వర్కు మొత్తం ఆపేశారు. ఉన్నది ఆ పచ్చదీపం ఒక్కటే. అదే చాలనుకుంది. ఇంటికి వెళ్లి మిగిలిన అధ్యాయాలు రాసేది. బయట బతుకమ్మ పాటలు, లోపల తండ్రి ప్రశ్నలు.

"ఎన్ని చక్రాలు ఇన్నది?"

"రెండు వందలు దాటింది నాయినా."

ఆదివారం చర్చిలో సామేలు లేచి నిలబడి కూతురి మిషన్ కోసం ప్రార్థన చేయమని అడిగాడు. పాస్టరు గారు రోగుల కోసం, వానల కోసం చేశాక నిరోషమ్మ మిషన్ కోసం కూడా చేశారు. సాలమ్మ కొంగు నెత్తిన వేసుకుని గట్టిగా ఆమెన్ అంది. ఇంతమంది దేవుణ్ని పట్టుకుని లాగుతుంటే పని కాకుండా ఎలా ఉంటుందని నిరోషకూ ధైర్యం వచ్చింది.

ఆఫీసు తెరిచిన రోజు ఆమె ఎనిమిదిన్నరకే వెళ్లి మెట్ల మీద కూర్చుంది. పరుశురాం పదకొండు దాటాక వచ్చాడు, ఊరినుంచి బస్సు దొరకలేదట. చేతిలో సంచీ నిండా సీతాఫలాలు. "నీ కోసమే బిడ్డా, మా చెల్కలయి" అని సంచీ ఆమె చేతికిచ్చి తాళం తీశాడు.

పెట్టె ముందువైపు కుంకుమ బొట్టు ఉంది. పైన ఎండిన బంతిపువ్వు ఉంది. కాగితం అంటించినచోటే ఉంది, దాని మూల మీద కూడా చిన్న పసుపు చుక్క ఉంది. నిరోష మానిటర్ వేసి పాస్‌వర్డ్ కొట్టింది. ప్రోగ్రాం కనబడలేదు. ఎప్పటినుంచి నడుస్తున్నావని మిషన్‌ను అడిగితే, పది రోజుల కింద, పూజ నాటి మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి లేచానని చెప్పింది. జవాబుల ఫైలులో నాలుగు చక్రాలున్నాయి.

సంచీ ఇంకా చేతిలోనే ఉంది.

"కాకా, పూజ నాడు దీన్ని ఎవరన్నా ముట్టిండ్రా?"

పరుశురాం ముఖం వెలిగింది. ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు దగ్గరికొచ్చాడు. "ఎవ్వర్ని ముట్టనియ్యలే బిడ్డా. నేనే చేసిన, అన్నిట్ల కన్న ముందుగాల నీ దానికే. నువ్వు బొట్టు వెట్టుకోవు గని, మిషన్‌కు ఏముంటది చెప్పు? నడిచే మిషన్‌కు పూజ చేయద్దు, అందుకని పది నిమిషాలు బంద్ చేసి, బొట్టు వెట్టి, పువ్వు వెట్టి, మల్ల నేనే చాలు చేసిన. పచ్చలైటు వచ్చినంకనే తాళమేసిన. నీ సదువు అయితే వచ్చే దసరాకు కోడిని కోస్తనని మొక్కిన గూడ."

"కాయితం అంటించిన గద కాకా."

"గది వేరేటోళ్లకు గద బిడ్డా" అన్నాడు ఆయన, తనను వేరేవాళ్లలో కలిపినందుకు కొంచెం నొచ్చుకుంటూ. "మెయిన్ అయితే ముట్టలే. నువ్వు జెప్పినట్టే."

నిజమే. ఆమె ఏం చెప్పిందో అక్షరం తప్పకుండా అదే చేశాడు. మెయిన్ ముట్టవద్దంది, ముట్టలేదు. ఆపి వేస్తే మిషను మళ్లీ వెలుగుతుంది గానీ పని దానంతట అది మళ్లీ నడవదని ఆమె చెప్పలేదు. ఇరవై ఆరేళ్లుగా ఫ్యాన్లూ లైట్లూ వేసి ఆపుతున్న మనిషికి ఆ సంగతి చెప్పాలని ఆమెకు తోచలేదు. పూజ వేళకు అక్కడే ఒక మూల నిలబడి ఉంటే, "ఆగు కాకా" అని ఒక్క మాట అనేది. మర్యాదకు పోయి బయటికి వెళ్లింది. ఇంత నష్టంలో తిట్టుకోవడానికి ఒక్క దుర్మార్గుడైనా దొరకలేదు. అదే అన్నిటికన్నా కడుపు మండే సంగతి.

"అయిందా బిడ్డా పని?"

"ఇంక కొంచెం ఉన్నది కాకా. ఇయ్యాల గూడ అయిదింటికి మెయిన్ ఉంచు."

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆ నాలుగూ చెరిపి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఎందుకు మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు. ఊరికే కూర్చోవడం చేతకాలేదు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి చూస్తే ముప్పై చక్రాలయ్యాయి. ముప్పైలో ఇరవై ఎనిమిది సామేలు చెప్పినట్టే చెప్పింది. రెండు తప్పింది. మిషను నేర్చుకుంటోంది. నాయిన చెవి దానికి నిజంగానే వస్తోంది. కావలసింది ఇంకో వారం, ఉన్నది ఒక పగలు.

శ్యామలాంబ మేడం అంతా విని తల పట్టుకుంది. "పరుశురాం పూజకు బలయినావా. ఏం ఖర్మమ్మా నీది." వారం గడువు అడుగుదామని ఆమె తానే పై ఆఫీసుకు వెళ్లింది. నాలుగేళ్లంటే నాలుగేళ్లేనని, సాఫ్ట్‌వేరే ఐదు తర్వాత తీసుకోదని చెప్పి పంపారు. తిరిగొచ్చి తలుపు దగ్గరగా వేసి కూర్చుంది.

"ముప్పైకి ఇరవై ఎనిమిది వచ్చినాయి కదా. అంటే నూటికి తొంభై మూడు. మూడు వందలకూ అంతే వస్తుంది, కాస్త అటూ ఇటూ. పట్టికలో మూడు వందలని రాసుకొని రా. నేను సంతకం పెడతా."

"ముప్పయ్యే అని రాస్తా మేడం. మిగతాయి టైం చాలలేదని రాస్తా."

"కమిటీకి మూడు వందలని రాసిచ్చినాం. ముప్పై అని రాస్తే వైవాకు వచ్చే ఆయన నీ ముఖాన కొడతాడు, నా ముఖాన కూడా. దానికి నేను సంతకం పెట్టలేను. ఇట్లా రాసినవాళ్లు నువ్వు మొదటిదానివి కావులే. ఎవరూ లెక్క పెట్టుకోరమ్మా."

నిరోష బయటికొచ్చి మెట్ల మీద లాప్‌టాప్ తెరిచింది. ఖాళీ పట్టిక. మొత్తం చక్రాలు అన్నచోట మూడు వందలు అని కొట్టింది. సరైనవి అన్నచోట రెండు వందల ఎనభై అని కొట్టింది. చాలా మామూలుగా ఉంది. ఎవరికీ అనుమానం రాదు. లెక్చరర్ ఉద్యోగం, అమ్మకు చపాతీల పీట నుంచి విడుదల, నాలుగేళ్ల అవమానానికి ఒక అట్ట. అన్నీ ఆ రెండు అంకెల అవతలే ఉన్నాయి.

కానీ రెండు వందల డెబ్బై చక్రాలను మిషను వినలేదు. వినకుండానే గీత గీయాలి, అదీ సామేలు కూతురు గీయాలి. ఆయన చెవి మీద రాసిన పుస్తకంలో గీయాలి. ఎవరూ వాటి మీద కూర్చుని ప్రయాణం చేయరు, అవి పక్కన పడేసిన చక్రాలు, అని తనకు తాను ఎంత చెప్పుకున్నా చెయ్యి సాగలేదు. పోనీ పొగరనుకోండి, మూర్ఖత్వమనుకోండి. సాలమ్మకు తెలిస్తే రెండోదే అంటుంది. ఒంటిగంట అయింది, మూడయింది. అట్టలు వేసే షాపతను రెండుసార్లు ఫోను చేశాడు. నాలుగున్నరకు మేడం మెట్ల దాకా వచ్చి, నిరోష ముఖం చూసి లోపలికి వెళ్లిపోయింది. నిరోష ఆ రెండు అంకెలూ చెరిపేసింది.

ఐదింటికి ల్యాబుకు వెళ్లింది. ఫ్యాను ఇంకా తిరుగుతోంది.

"ఇగ మెయిన్ బంద్ చెయ్ కాకా."

"మొత్తం అయిపోయిందా బిడ్డా?"

"ఆ."

"నేను చెప్పలే? నీ మిషన్‌కే ముందుగాల చేసిన అని" అని పరుశురాం మెయిన్ కిందికి లాగాడు. నిరోష ఆయనకు నిజం చెప్పలేదు. చెప్పి ఏం సాధిస్తుంది? ఆయన మొక్కుకున్న కోడి బతికిపోయింది, అంతే.

ఇంటికి వెళ్లేసరికి సామేలు చర్చి చొక్కా వేసుకుని గుమ్మంలో కుర్చీ మీద కూర్చుని ఉన్నాడు. సాలమ్మ ఇంకా మెస్సునుంచి రాలేదు. పట్టా గురించి ఆయన అడుగుతాడని నిరోష దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఆయన పట్టా గురించి అడగలేదు. నాలుగేళ్లలో ఎన్నడూ అడగలేదు.

"నా చెవి వచ్చిందా బిడ్డా దానికి?"

ముప్పై చక్రాలే విన్నదని చెప్పాలి. పూజ సంగతి చెప్పాలి. గడువు దాటిందని, పేరు కొట్టేశారని, ఆ మూడు వందల మోతలూ ఇక దేనికీ పనికిరావని చెప్పాలి. అదంతా గల్లీ మొత్తం వినేలా ఆయన చెవిలో అరవాలి. నిరోష వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది.

"వచ్చింది నాయినా. మూడు వందల్ల రెండే తప్పు."

ఎదురింటావిడ తలెత్తి చూసింది. ఉప్పలమ్మ గోడ మీంచి, "మంచి ముచ్చట జెప్పినవ్ బిడ్డా" అంది. పట్టికలో రాయనన్న అబద్ధం ఇప్పుడు బస్తీ అంతా విన్నది.

సామేలు సంతోషపడతాడనుకుంది. ఆయన మొహం ముడుచుకున్నాడు. "రెండు తప్పెట్లొచ్చినయ్? రెండు చక్రాలు చాలు పెట్టె పడనీకె. గవి ఏవో ఇనిపియ్యి. ఏడ తప్పుతున్నదో నేను జెప్త, మల్ల నేర్పుదాం."

కాదనడానికి దారి లేదు. తప్పిన రెండూ నిజంగానే ఉన్నాయి. పద్నాలుగు, ఇరవై మూడు. నోటుపుస్తకం తీసి ఆయన ముందు పెట్టింది. పద్నాలుగు ఎదురుగా అడ్డగీత ఉంది, మిషను దాన్ని మంచిదంది. ఆనాడు ఆయన కొట్టిన సుత్తి పక్కకు తీయకముందే పగులని చెప్పిన చక్రం అది. ఫోను చప్పుడు చివరిదాకా పెంచి ఆయన చెవికి ఆనించి నొక్కింది.

మోత గల్లీలోకి వినిపించింది. నడుమ తెగిపోయింది. బారెడు దూరంలో ఉన్న నిరోషకే తెలిసిపోయింది. సామేలు కళ్లు మూసుకుని తల వంచి ఇంకా వింటూనే ఉన్నాడు. ఇంకోసారి పెట్టమని వేలెత్తాడు. ఇంకోసారి పెట్టింది. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. పెదవులు మాత్రం కొంచెం కదిలాయి. వర్క్‌షాపులో ఆయన ముఖం అలా ఎన్నడూ లేదు.

చాలాసేపటికి కళ్లు తెరిచి, కూతురి వైపు చూడకుండా, "మంచిదే గిది" అన్నాడు. "మిషన్ సక్కగనే చెప్పింది. ఆనాడు మనమే తప్పు రాసినట్టున్నం. టిక్కు వెట్టు బిడ్డా."

నిరోష పెన్ను తీసి పద్నాలుగు ఎదురుగా, పాత అడ్డగీత పక్కన, టిక్కు పెట్టింది. ఆయన రెండోది వినిపించమన్నాడు.